గోడకు వేలాడిన పొయ్యి

మా ఇంటి యజమానురాలిని నేను చంపబోయాను. కావాలని కాదు, మేలు చేద్దామనే. ఇంకా సిగ్గుపడాల్సిన సంగతి ఏమిటంటే, నేను బడిలో ఫిజిక్స్ టీచర్ని. కరెంటు పాఠం ఎనిమిదో తరగతికీ నేనే చెబుతాను, పదికీ నేనే చెబుతాను. నేను బోర్డు మీద గీసే సర్క్యూట్లు చూసి తనిఖీకి వచ్చినవాళ్ళు తలలూపి వెళ్ళారే గాని ఒక్కరూ తప్పు పట్టలేదు. బోర్డు మీది కరెంటుకు షాకు కొట్టే అలవాటు లేదు కాబట్టి ఇన్నేళ్ళూ అలా చెల్లిపోయింది.

మాది సాలూరు. అరకులో పోస్టింగు వచ్చిందనగానే మా చుట్టాలు నాకేదో విహారయాత్ర మంజూరైనట్టు సంబరపడ్డారు. వచ్చిపోయేవాళ్ళకు అరకు చలి రెండు రోజుల ముచ్చట. మంచులో ఫోటో దిగుతారు, బొర్రా గుహలు చూస్తారు, బొంగు చికెన్ తిని రైలెక్కుతారు. డిసెంబరులో పొద్దున్న ఆరింటికి సిమెంటు బాత్రూంలో చెంబు పట్టుకుని నిలబడ్డ మనిషిని అడగాలి ఆ చలి సంగతి. నీళ్ళు కాచుకున్నా సుఖం లేదు. చెంబుకీ చెంబుకీ మధ్య పళ్ళు టకటకలాడేవి. మొదటి ఏడాది చాలా రోజులు ముఖం మాత్రం కడుక్కుని, పౌడరు రాసుకుని బడికి పోయానని ఇక్కడ ఒప్పుకుంటున్నాను. పిల్లలకు శుభ్రత గురించి చెప్పేటప్పుడు మాత్రం గొంతు పెంచేదాన్ని.

నేను అద్దెకున్న ఇల్లు ఒక కొండ ముసలమ్మది. అరవై దాటాయి, ఎన్ని దాటాయో ఆవిడకే తెలియదు. కొడుకు హుకుంపేట అవతల ఊళ్ళో కాఫీ తోట చూసుకుంటాడు. ఈవిడ మోకాళ్ళ నొప్పులకు ఆసుపత్రి దగ్గరగా ఉంటుందని ఇక్కడే ఉండిపోయింది. రెండు గదుల స్లాబు ఇల్లు, ఒక గది ఆవిడది, ఒకటి నాది. పెరట్లో బాత్రూం ఇద్దరికీ కలిపి ఒక్కటే. నేను ఆవిడను పెద్దమ్మా అంటాను. ఆవిడ నన్ను టీచరమ్మా అంటుంది, కోపం వస్తే చిన్నపిల్లను పిలిచినట్టు గుంటా అంటుంది. నలభై దాటిన మనిషిని గుంటా అనేవాళ్ళు లోకంలో ఇంకెవరూ మిగల్లేదు కాబట్టి నేను ఆ కోపానికి అభ్యంతరం చెప్పలేదు.

స్లాబు ఇల్లు రాకముందు అదే చోట పెద్దమ్మకు గడ్డి ఇల్లు ఉండేదట. మధ్యలో పొయ్యి, పొయ్యి మీద అటక, అటకకు వేలాడుతూ విత్తనాల మొక్కజొన్న కంకులు. పొగ తగిలితే కంకికి పురుగు పట్టదు. గడ్డి కప్పు గనుక నిప్పుతో ఆటలు లేవు. వాళ్ళ ఇంట్లో పొయ్యి వెలిగించే మనిషి ముందు "నిప్పెడతన్నాను" అని కేకెయ్యాలి. ఇంట్లో ఇంకొకరు "ఉన్నాను" అని పలకాలి. పలికిన మనిషి, నిప్పు ఆరిందని మళ్ళీ కేక వినేదాకా ఇల్లు విడిచి కదలకూడదు. ఎవరూ పలక్కపోతే పొయ్యి వెలగదు, ఆకలేసినా సరే.

ఇప్పుడు పొయ్యీ లేదు, గడ్డి కప్పూ లేదు. గ్యాసు స్టవ్ ఉంది. అయినా పెద్దమ్మ అగ్గిపుల్ల చేతిలో పట్టుకుని "నిప్పెడతన్నాను" అని కేకేసేది. నేను పక్కగదిలోంచి "ఉన్నాను" అనాలి. నిద్రలో ఉన్నా అనాలి. అనకపోతే టీ ఉండదు. మొదట్లో చిరాకు పడ్డాను, తర్వాత కలలో కూడా పలకడం మొదలుపెట్టాను.

రెండో ఏడాది చలి రాకముందే నేను విశాఖపట్నం వెళ్ళి బాత్రూం గోడకు బిగించే హీటరు కొనుక్కొచ్చాను. రెండు గాజు గొట్టాలు, వెనక అద్దంలా మెరిసే రేకు. స్విచ్ వేస్తే గొట్టాలు ఎర్రబడి గదంతా వెచ్చబడుతుంది. నీళ్ళు కాచేది కాదు, మనిషిని కాచేది. నా ఆలోచన ఏమిటంటే నా గదిలోంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగి, కిటికీలోంచి బాత్రూంలోకి వైరు దించి, కుళాయి పక్కనే మేకు కొట్టి తగిలించడం. ఫిజిక్స్ టీచరు ఆలోచన అది. పెద్దమ్మ ఒప్పుకోలేదు. బజారు నుంచి కరెంటు మేస్త్రిని పిలిపించింది.

ఆయన వచ్చి ప్లగ్గులో టెస్టరు పెట్టి చూసి, "ఈ ఇంటికి ఎర్తు నేదు మేడం" అన్నాడు.

"ఉంది కదా, ప్లగ్గుకి మూడో కన్నం ఉంది."

"కన్నం ఉంది మేడం. కన్నం యెనక వైరు నేదు."

ఎర్తు గుర్తు నేను బోర్డు మీద ఎన్ని వందలసార్లు గీశానో. ఒకదాని కింద ఒకటి చిన్నవవుతూ మూడు అడ్డగీతలు. ఆ గీతల వెనక నిజంగా భూమిలో ఒక గొయ్యి ఉండాలని ఎప్పుడూ తలుచుకోలేదు. ఈసారికి లేకపోతే ఏం, నడిపించెయ్యండి అన్నాను. ఆయన నా ముఖం చూసి పెద్దమ్మ వైపు తిరిగాడు.

"గొయ్యే గదేటి. తవ్వు" అంది ఆవిడ.

గోతిలో ఉప్పూ బొగ్గూ వేసి కప్పాలి అన్నాడు మేస్త్రి. పెద్దమ్మ లోపలికి వెళ్ళి మూతపెట్టిన డబ్బా ఒకటి తెచ్చింది. గడ్డి ఇల్లు విప్పేసిన రోజు పొయ్యిలోంచి తీసి దాచుకున్న బొగ్గులట. మొత్తం డబ్బా గోతిలో బోర్లించింది. చాలకపోతే మేస్త్రి బజారు నుంచి ఇంకో సంచి తెచ్చాడు. ఆ తర్వాత ఎండిపోకుండా ఆ గోతిలో అప్పుడప్పుడు నీళ్ళు పొయ్యమని ఆయన చెబితే, ఆవిడ రోజూ పొద్దున్నే ఒక చెంబు పోసేది. "కరెంటుకి దాహం" అనేది. పాఠ్యపుస్తకంలో దీనికంటే మంచి వివరణ నేను చదవలేదు.

మేస్త్రి హీటరును కుళాయికి ఎదురు గోడకు, చేతికి అందని ఎత్తులో బిగించాడు. బలమైన ప్లగ్గు పెట్టాడు. షాకు కొడితే దానంతట అదే పడిపోయే స్విచ్ ఒకటి మీటరు దగ్గర పెట్టాడు. హీటరు స్విచ్ దగ్గరకు వచ్చేసరికి నాకూ పెద్దమ్మకూ తగాదా. లోపలే ఉంటే వీలుగా ఉంటుందని నేను. బయట ఉండాలని ఆవిడ.

"పొయ్యి ఆర్పే మనిషి పొయ్యి బయట ఉండాల గానీ లోపల కూకుంటాదేటి?" అంది.

మేస్త్రి ఆవిడ మాటే విన్నాడు. తడి చేత్తో స్విచ్ ముట్టుకోకూడదట, అదీ కారణం. వెళ్ళేముందు నాకు ఇంకో ముక్క చెప్పాడు. ముందు గది వేడెక్కించుకోవాలి, స్విచ్ ఆపాలి, ఆ తర్వాతే నీళ్ళు పోసుకోవాలి. వేడి గొట్టం మీద చల్లటి నీటిబొట్టు పడితే గాజు పగులుతుంది. నేను సరే సరే అన్నాను. పిల్లలు నాతో ఎలా సరే సరే అంటారో అలాగే.

హీటరు పెట్టెలో ఒక కాగితం వచ్చింది. పెద్దమ్మకు చదువు రాదు గాని బొమ్మలు శ్రద్ధగా చూస్తుంది. ఒక బొమ్మ దగ్గర ఆగిపోయింది.

"ఇదేటి టీచరమ్మా, తువ్వాలు బొమ్మేసి మీద కొట్టీసినారు?"

"ఏదో భయపెట్టడానికి వేస్తారు పెద్దమ్మా. అవన్నీ పాటిస్తే స్నానం చేసినట్టే."

అన్నానా, ఆ మర్నాడే ఆ కాగితం పొట్లం కట్టడానికి వాడేశాను. హీటరుకు ముందు జానెడు దూరంలో గోడ నుంచి గోడకు తీగ లాగి దండెం కట్టాను. తువ్వాలు వెచ్చగా ఉంటుందని. అంత ఎత్తులో తువ్వాలు వేయడానికి కొక్కెం ఉన్న కర్ర ఒకటి సంపాదించాను. తలుపుకు అంతవరకూ తాడు ఉచ్చు తప్ప ఏమీ లేదు. "నిప్పున్న గదికి గడియేటి?" అని పెద్దమ్మ అంటున్నా వినకుండా గడియ కొన్నాను. స్క్రూలు తిప్పే ఓపిక లేక రెండు మేకులతో కొట్టేశాను. నన్నెవరూ తప్పు పట్టని బోర్డు దగ్గర నుంచి బయటికి వస్తే నా పనితనం ఇది.

ఆ సంవత్సరం నా స్నానం వీధికంతా తెలిసిన సంగతి అయిపోయింది. స్విచ్ వేసే ముందు "నిప్పెడతన్నాను" అని నేను కేకెయ్యాలి, పెద్దమ్మ "ఉన్నాను" అనాలి, అవగానే "ఆర్పీసేను" అనాలి. టీచరమ్మ స్నానానికి వెళ్ళింది, టీచరమ్మ స్నానం అయింది అని పక్కింటివాళ్ళు దాన్నిబట్టి బియ్యం కడిగేవారు. పౌడరు రాసుకుని పోయే రోజులు పోయాయి.

నాకు సుఖంగా ఉంది గనుక పెద్దమ్మకూ సుఖం కలిగించాలని బుద్ధి పుట్టింది. ఆవిడ అంతవరకూ హీటరు కింద స్నానం చెయ్యలేదు. పొగ లేని నిప్పును నమ్మనంది. నీ మోకాళ్ళకు మంచిది, కీళ్ళు వదులవుతాయి అని నెల రోజులు వెంటపడ్డాను. చివరికి ఒక రోజు ఒప్పుకుంది. లోపల ప్లాస్టిక్ స్టూలు వేశాను. ఆ స్టూలు మీంచి ఎవరైనా చెయ్యి అందిస్తే తప్ప ఆవిడ లేవలేదు. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాం. పొడి చేత్తో స్విచ్ వేసి ఆవిడ లోపలికి వెళ్తుంది. నేను బయట ఉంటాను. గది వెచ్చబడ్డాక "ఆర్పీ" అని కేకేస్తుంది, నేను బయట ఆపుతాను. అప్పుడు నీళ్ళు పోసుకుంటుంది. అయ్యాక నేను వెళ్ళి లేవదీస్తాను. మేస్త్రి చెప్పినదాన్ని నేను వినలేదు గాని ఆవిడ మాట పొల్లుపోకుండా వింది.

డిసెంబరులో తుపాను పట్టింది. మూడు రోజులు ముసురు. పెద్దమ్మకు బెంగ తన మోకాళ్ళ గురించి కాదు, విత్తనాల గురించి. అంతకుముందు ఏడాది దాచిన కంకులన్నీ పురుగు తినేసింది. పొయ్యి లేదు, పొగ లేదు. ఈసారి కొడుకు పంపిన కంకులు చెమ్మ పట్టి బూజు వాసన వేస్తున్నాయి. ఇంట్లో వెచ్చటి చోటు ఏది? ఎర్రగా వెలిగే పొయ్యి ఏది? ఆవిడ కంకులను పొట్టు విప్పి, వెనక్కి మడిచి, జడలా అల్లి, నా కొక్కెం కర్రతో నా దండెం మీద వేసింది. అటక మీద వేసినట్టే. నేను తువ్వాలు వేసే చోటే.

ఇది నాకు తెలియకుండా జరిగిందని చెప్పుకుంటే బాగుండేది. నేను చూశాను. చూసి నవ్వాను. ఎర్రటి వెలుగులో బంగారు రంగు కంకులు చాలా అందంగా ఉన్నాయని ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టాను. యాభై మంది చూశారు. అందులో ఫిజిక్స్ టీచర్లే నలుగురు. అందరూ చేతులు జోడించిన బొమ్మలు పంపారు.

రెండు రోజులు ఏమీ కాలేదు. ఐదు నిమిషాల్లో "ఆర్పీ" అనేది, నేను ఆపేసేదాన్ని.

మూడో రోజు ఆదివారం. తొమ్మిదింటికి పెద్దమ్మ పెరట్లోంచి "నిప్పెడతన్నాను" అంది. నేను అరుగు మీంచి "ఉన్నాను" అన్నాను. గాలికి తలుపు కొట్టుకుంటోందని ఆవిడ గడియ వేసుకోవడం కూడా విన్నాను. అప్పుడే నా ఫోను మోగింది. మా బడి గ్రూపులో మెసేజి. పిల్లల వివరాల ఫారం పది గంటల్లోపు పంపాలి, పంపనివాళ్ళ పేర్లు పైకి వెళ్తాయి. మా ఇంటి దగ్గర మెసేజి అయితే వస్తుంది గాని ఫారం పోదు. అది పోవాలంటే నీళ్ళ ట్యాంకు మలుపు దాకా నడవాలి. రెండు నిమిషాల పని కదా అని గొడుగు తీసుకున్నాను. పేర్లు పైకి వెళ్తాయంటే నేను ఎక్కడికైనా పరిగెత్తే మనిషిని.

ట్యాంకు దగ్గర ఫోనులో చక్రం తిరుగుతూనే ఉంది. పోయింది అనుకునేసరికి మళ్ళీ మొదటికి వచ్చేది. మూడోసారి పంపుతుంటే గాలిలో కాల్చిన కంకి వాసన వచ్చింది. నిజం చెబుతున్నాను, నాకు నోరూరింది. ఈ వానలో ఎవరు కంకులు కాలుస్తున్నారా, రెండు కొనుక్కుందామా అనుకున్నాను. చుట్టూ చూస్తే బండి లేదు, మనిషి లేడు. ఆ తర్వాతే నాకు అర్థమైంది.

గొడుగు ఎక్కడ పడేశానో నాకు గుర్తులేదు. పెరట్లోకి వచ్చేసరికి బాత్రూం వెంటిలేటరులోంచి నల్లటి పొగ. స్విచ్ బయట ఉంది గనుక ముందు ఆపగలిగాను. మీటరు దగ్గర మేస్త్రి పెట్టిన స్విచ్ మాత్రం చెక్కుచెదరకుండా అలాగే ఉంది. అది షాకుకు పడుతుంది గాని బుద్ధిలేనితనానికి పడదు. తలుపు తోస్తే గడియ. తన్నాను. పెద్దమ్మా అని అరుస్తూ మూడోసారి తన్నేసరికి గడియ మేకులతో సహా ఊడి లోపల పడింది. నా చేతకాని పని జీవితంలో ఒకే ఒక్కసారి పనికొచ్చింది.

లోపల కంకుల పొట్టు మండి ముక్కలు ముక్కలుగా రాలింది. బక్కెట్టు అంచు కరిగింది. పెద్దమ్మ లేచి గడియ అందుకోలేక స్టూలు మీంచి జారి, నీళ్ళు బయటికి పోయే తూము దగ్గర మూలకు పాకి, చీర తడిపి నెత్తిమీదుగా కప్పుకుని, ముఖం నేలకు ఆనించి పడుకుని ఉంది. గడ్డి ఇళ్ళలో పుట్టిన మనిషి, పొగలో ఎక్కడ ఊపిరి దొరుకుతుందో ఆవిడకు తెలుసు. పక్కన నిండా నీళ్ళున్నా హీటరు మీద ఒక్క చెంబు కూడా పొయ్యలేదు. వేడి గొట్టం మీద నీళ్ళు పడకూడదని మేస్త్రి ఎప్పుడో చెప్పిన మాట గుర్తుపెట్టుకుంది.

చంకల కింద చేతులు వేసి బయటికి లాగాను. భుజం మీద రెండు చోట్ల బొబ్బలు లేచాయి, చెవి మీద జుట్టు మాడింది. దగ్గు ఆగడం లేదు. నా అరుపులకు పక్కింటివాళ్ళు పరిగెత్తుకొచ్చారు, నేను ఏడుస్తున్నాను. ఆవిడ దగ్గు మధ్యలో నా ముఖం చూసి, "సీర కప్పు గుంటా, ఊరంతా సూత్తన్నారు" అంది.

ఆసుపత్రిలో ఒక రోజు ఉంచి పంపేశారు. కొడుకు వచ్చాడు. నేను జరిగింది జరిగినట్టు ఆయనకు చెప్పాను, కంకుల దగ్గర నుంచి ట్యాంకు మలుపు దాకా. కొడతాడేమో అనుకున్నాను, కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన మిగిలిన కంకులు చూసి, మొలకెత్తేవి ఏరి, మిగతావి కోళ్ళకు వేశాడు.

మర్నాడు పొద్దున్న పెద్దమ్మ వంటగదిలోంచి ఎప్పటిలాగే "నిప్పెడతన్నాను" అంది. నేను పలకలేకపోయాను. ఏ ముఖం పెట్టుకుని ఉన్నాను అనాలి? మంచం మీద కూర్చుని గోడ చూస్తున్నాను. అవతల అగ్గిపుల్ల గీసిన చప్పుడు కూడా లేదు. ఆవిడకు టీ లేకపోతే తలనొప్పి వస్తుందని నాకు తెలుసు. చివరికి నేనే లేచి వంటగది గుమ్మం దాకా వెళ్ళి, ఎదురుగా నిలబడి, "ఉన్నాను పెద్దమ్మా" అన్నాను. అప్పుడు వెలిగించింది.

హీటరు పీకించేస్తానన్నాను. ఆవిడ వింతగా చూసింది.

"సెయ్యి కాలిందని వంట మానేత్తామేటి? దండెం పీకు. గడియ మళ్ళా కొట్టకు."

మేస్త్రి వచ్చి కొత్త గొట్టాలు వేశాడు. దండెం తీసేసి మేకుల కన్నాలు సిమెంటుతో పూడ్చాడు. తలుపుకు మళ్ళీ తాడు ఉచ్చు వచ్చింది. హీటరు చల్లగా ఉన్నప్పుడు నెలకోసారి పొడిగుడ్డతో దుమ్ము తుడవడం నా పని. కంకులు ఇప్పుడు కొడుకు ఊళ్ళోనే ఉంటాయి, అక్కడ ఇంకా కట్టెల పొయ్యి ఉంది. పెద్దమ్మ స్నానం చేస్తున్నంతసేపూ నేను తలుపు బయట పీట వేసుకుని కూర్చుంటాను. ఫోను ఇంట్లో వదిలేస్తాను. ఎమ్మెస్సీ చదివిన మనిషి పెరట్లో పీట మీద కూర్చుని తలుపుకేసి చూస్తూ ఉంటే పక్కింటివాళ్ళు మొదట్లో నవ్వారు. పంపని ఫారాల కింద నా పేరు పైకి రెండుసార్లు వెళ్ళింది. పైన ఏమీ జరగలేదు.

ఒక అనుమానం మాత్రం నన్ను చాలా రోజులు తినేసింది. అడగడానికి భయం. మొన్న చలికాలం ఒక పొద్దున్న, ఇద్దరికీ మధ్య తలుపు ఉంది కదా అన్న ధైర్యంతో అడిగాను.

"పెద్దమ్మా, ఆ రోజు ఎన్నిసార్లు పిలిచావు?"

"నాలుగైదు మాట్లు. ఆర్పీ టీచరమ్మా అనీసి."

"నేను పలకలేదు కదా. పక్కింటివాళ్ళను ఎందుకు కేకెయ్యలేదు? వాళ్ళు వినేవాళ్ళు కదా."

లోపల చెంబు ఆగింది. ఈమాత్రం తెలియదా అన్నట్టు ఆవిడ గొంతు వచ్చింది.

"నువ్వు ఉన్నానన్నావు గదా. వత్తావనుకున్నాను."